దర్శనమూ దారీ: తెలుగు సాహిత్యంలో కోనలు, జలపాతాల యాత్ర

వ్యాస సంగ్రహం

కోనలకు, జలపాతాలకు సాగే యాత్రను తెలుగు రచయితలు ఏ తీరున చిత్రించారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మనుచరిత్రలోని హిమవద్దర్శనం, పండితారాధ్యచరిత్రలోని పర్వత ప్రకరణం, కాశీయాత్ర చరిత్రలోని శ్రీశైల యాత్ర, తరిగొండ వెంగమాంబ జీవితంతో ముడిపడిన తుంబురుకోన, కిన్నెరసాని పాటలు ఇందులో ప్రధానాధారాలు. నల్లమలలోని సలేశ్వరం జాతర వంటి సజీవ సంప్రదాయాలు అనుబంధ సాక్ష్యాలు. చూసిన దృశ్యంతో పాటు అక్కడికి చేర్చిన దారి రచనలో ఎంతవరకు నిలిచిందన్నది యాత్రారచన విలువను నిర్ణయించే ప్రమాణాల్లో ముఖ్యమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, శైలవర్ణన, కోన, గండి, తీర్థం, పాదలేపం, కాలినడక, చెంచులు.

ప్రస్తావన

కావ్యానికి ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనల్లో శైలం ఒకటి, ప్రయాణం మరొకటి. అయితే ఆ ప్రయాణం జయకాంక్ష గల రాజు సాగించే దండయాత్ర. కొండను చూడాలన్న కోరికతో ఒక సామాన్యుడు ఇల్లు విడిచి నడవడానికి ఆ పట్టికలో చోటు లేదు. కొండ ఒక వర్ణనాంశంగా, నడక మరొక వర్ణనాంశంగా విడిపోయాయి. జలపాతం శైలవర్ణనలో ఒక భాగంగా ఒదిగిపోయింది.

ఈ విభజన కావ్యాలతోనే ఆగలేదు, విమర్శలోనూ కొనసాగింది. ప్రకృతి వర్ణనను చర్చించే వ్యాసాలు సాధారణంగా అలంకారాన్ని, శబ్దసౌందర్యాన్ని, కవి భావుకతను విచారిస్తాయి. యాత్రాచరిత్రలను చర్చించే వ్యాసాలు వాటిలోని సామాజిక, చారిత్రక సమాచారాన్ని వెలికితీస్తాయి. ఈ రెండింటి మధ్య జారిపోయినది ఒకటుంది. ఒక జలపాతాన్ని చూడడానికి మనిషి ఎలా వెళ్లాడు, ఎవరి వెంట వెళ్లాడు, ఏ కాలంలో వెళ్లాడు, ఎలా తిరిగివచ్చాడు అన్న విషయాలు ప్రకృతి వర్ణన కిందికీ రాలేదు, చరిత్ర కిందికీ పూర్తిగా రాలేదు. ఈ అంశాలను కలిపి ‘దారి’ అనీ, దృశ్యానుభవాన్ని ‘దర్శనం’ అనీ ఇక్కడ వ్యవహరించడం జరిగింది. ఈ రెండింటి పొత్తు, పోరు తెలుగు రచనల్లో ఎలా నడిచాయో చూడడం ఈ వ్యాస లక్ష్యం.

పేర్లలో నిలిచిన దారి

గ్రంథాలకంటె ముందుగా పరిశీలించవలసినది భాష. కొండల నడుమ నీరు కోసుకొన్న చోట్లకు తెలుగులో ఉన్న పేర్లు ఎక్కువగా క్రియను సూచిస్తాయి. చెరువుకట్ట తెగినా గండే, ఏరు కొండను చీల్చుకొని వచ్చినా గండే. వేంపల్లె సమీపాన పాపఘ్ని కొండలు దాటివచ్చే చోటికి గండి అనేదే పేరు. ఎర్రమల కొండలను పెన్న చీల్చిన చోట వెలసిన కోట గండికోట అయింది. కోన అనే మాట నీరు, చెట్టు, చల్లదనం ఉన్న లోతట్టును సూచిస్తుంది. తలకోన, పెంచలకోన, తుంబురుకోన ఇందుకు ఉదాహరణలు. నాగార్జునసాగర్ సమీపాన చంద్రవంక దూకే చోటికి ఎత్తిపోతల అని పేరు. నీటిని ఎత్తి పోయడమనే ఇంటిపని ఆ పేరులో వినిపిస్తుంది.

కనుమ అనే మాట ఇంకా గమనించదగినది. రెండు కొండల నడుమ దాటిపోయే దారి కనుమ. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అన్నప్పుడు ఆ మాట పర్వతశ్రేణికే పేరైంది. కొండను మనిషి మొదట ఎరిగినది దాటే దారిగానే అన్న అనుభవం ఈ అర్థపరిణామంలో దాగి ఉంది. అడవిలోని జలపాతాలను స్థానికులు పలుచోట్ల తీర్థమనీ, ధార అనీ పిలుస్తారు. నల్లమలలోని మల్లెలతీర్థం, శ్రీశైలం దగ్గరి ఫాలధార పంచధార అటువంటివి. నీటిలోకి దిగడానికి అనువైన రేవు అనే అర్థం తీర్థ శబ్దానికి ఉంది. అంటే ఆ పేరులో కూడా మనిషి అడుగు పడే చోటు ఉంది. జలపాతమన్న సమాసంలో నీరు పడడం మాత్రమే ఉంది. చూసేవాడు దూరంగా నిలబడినా సరిపోతుంది.

ఇటీవలి విహార ప్రచారంలో గండికోట లోయ అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తోనూ, ములుగు జిల్లాలోని బొగత నయాగరాతోనూ పోలిక పొందుతున్నాయి. పోలికలో తప్పు లేదు. అలంకారశాస్త్రం పునాదే పోలిక. కాని ఉపమానం స్థలనామం స్థానాన్ని ఆక్రమించినప్పుడు పేరు చెప్పే కథ మరుగున పడుతుంది. గండి అన్నప్పుడు ఏరు చేసిన పని కనిపిస్తుంది. గ్రాండ్ కాన్యన్ అన్నప్పుడు మరెక్కడో చూసిన ఛాయాచిత్రం గుర్తుకు వస్తుంది.

పాదలేపం: దారి లేని దర్శనం

తెలుగులో కొండను చూడబోయిన వారందరిలో ప్రసిద్ధుడు ప్రవరుడు. అరుణాస్పదపురం విడిచి ఎక్కడికీ వెళ్లని నిత్యాగ్నిహోత్రి అతడు. దేశాలు తిరిగిన సిద్ధుని మాటలు విని అతనిలో చూడాలన్న కోరిక పుడుతుంది. సిద్ధుడు ఇచ్చిన లేపం కాళ్లకు పూసుకొని హిమాలయం చేరుతాడు. ఈ కథాబీజం మార్కండేయ పురాణంలోనిదే. అయితే అల్లసాని పెద్దన దానిని విస్తరించిన తీరు తెలుగు శైలవర్ణనకే ప్రతీకగా నిలిచింది.

ప్రవరుడు కొండను చూసిన ఘట్టంలోని చంపకమాల సుప్రసిద్ధం. ఆ పద్యంలో వెళ్లడం, చూడడం అనే రెండు క్రియలూ మొదటనే ముగుస్తాయి. తక్కిన పద్యమంతా చూపుకు విషయమైన కొండ. ఆకాశాన్ని తాకే శిఖరాల నుంచి దూకే సెలయేళ్ల తరగల చప్పుడు మద్దెల మోత అవుతుంది, ఆ మోతకు నెమళ్లు పురివిప్పి ఆడతాయి, చరియల్లో ఆడ ఏనుగులు తొండాలతో చెట్లను కదిలిస్తాయి. పొడుగాటి సమాసం పొరలుపొరలుగా దొర్లుతూ నీటి పరుగును చెవికి తెస్తుంది. ఈ పద్యాన్ని శబ్దచిత్రంగా మెచ్చుకోవడం విమర్శలో పరిపాటి. ఇక్కడ గమనించవలసినది వేరొకటి. ఇల్లు విడవడానికి, కొండ కనిపించడానికి నడుమ దూరం లేదు. పాదలేపం పనిచేసినది కాళ్ల మీద. అది తొలగించినది మాత్రం దారిని.

పెద్దన ఈ విషయం ఎరగనివాడు కాదు. మనుచరిత్ర కథను నడిపే ఇరుసు ఈ దారి లేమిలోనే ఉంది. మంచుకు లేపం కరిగిపోతుంది. మధ్యాహ్నం కాగా తిరిగివెళ్దామనుకొన్న ప్రవరునికి అడుగు సాగదు. నడిచి వచ్చినవానికి వెనుకకు దారి తెలుస్తుంది. ఎగిరి వచ్చినవానికి తెలియదు. అంతవరకు కన్నులపండువైన కొండ క్షణంలో చిక్కుదోవగా మారుతుంది. అతడు వరూధినిని కలుసుకొన్నది కూడా ఊరికి తోవ అడగడానికే. అంతటి కన్నులు పెట్టుకొని తోవ అడుగుతున్నావా అన్న అర్థం వచ్చేటట్లు ఆమె మేలమాడుతుంది. ఈ మాటలోని చమత్కారాన్ని శృంగారపరంగా వివరించడం వాడుక. ప్రస్తుత దృష్టితో చూస్తే అందులో ఒక కఠినమైన నిజం ఉంది. కన్నులు ఉన్నంత మాత్రాన దారి తెలియదు. రోజంతా కన్నులతోనే బతికిన ప్రవరునికి ఆ ప్రశ్న సరిగా తగిలింది.

చివరకు అగ్నిదేవుని అనుగ్రహంతో ప్రవరుడు ఇల్లు చేరుతాడు. పోవడంలో దారి లేదు, రావడంలోనూ లేదు. అయినా దారి లేకుండా దర్శనం కోరిన మనిషికి ఎదురైన ఆపద కావ్యంలో నిలిచింది. అందువల్ల మనుచరిత్రను కేవలం వర్ణనావిలాసంగా చూడడం సమంజసం కాదు. దర్శనానికి దారితో పని లేదనుకొనే కోరికను తీర్చి, దాని వెల ఎంతో కూడా చెప్పిన కావ్యం అది. తరువాతి ప్రబంధాల శైలవర్ణనలను ఈ కొలతతో తిరిగి పరిశీలించవలసి ఉంది.

శ్రీశైలం తోవ: పర్వత ప్రకరణం, కాశీయాత్ర చరిత్ర

దారినే వస్తువుగా చేసుకొన్న ధార తెలుగులో ప్రబంధాలకంటె పాతది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోని అయిదు ప్రకరణాల్లో చివరిది పర్వత ప్రకరణం. ఇక్కడ పర్వతమంటే శ్రీశైలమే. శివరాత్రికి నలుదిక్కుల నుంచి తరలివచ్చే భక్తసమూహాలు, వారి ఆటలు, పాటలు, మొక్కులు ఇందులో చోటుచేసుకొన్నాయి. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు మొదలైన జానపద గేయభేదాలను సోమనాథుడు పేర్కొన్నది ఈ సందర్భంలోనే. ఆ పట్టికలో పర్వత పదాలు కూడా ఉన్నాయి. జానపద గేయచరిత్ర రాసేవారికి ఈ పట్టిక తరగని ఆధారం. దీనికి మరొక అర్థం కూడా ఉంది. కొండకు నడిచే జనం వల్ల ఒక గేయభేదానికే కొండ పేరు వచ్చింది. పెద్దన పద్యంలో నీటి చప్పుడుకు నెమలి ఆడితే, సోమనాథుని ద్విపదలో నడిచే మనిషి పాడతాడు. పాదం అన్న మాటకు ఛందస్సులోనూ నడకలోనూ ఉన్న రెండర్థాలు ఇక్కడ ఒకటవుతాయి.

ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం చేరే పాత కాలిబాట నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా సాగుతుంది. భీమునికొలను దగ్గర బాట మెట్ల మీదుగా లోతైన లోయలోకి దిగి, ఆవలి గట్టు ఎక్కి కైలాసద్వారం చేరుతుంది. ఉగాదికి ముందు కన్నడ దేశపు భక్తులు నేటికీ ఈ తోవన నడిచివస్తారు. కొండతోవలకు మెట్లు కట్టించడం రాజులకు గొప్ప పుణ్యకార్యం. ఎఱ్ఱాప్రగడ హరివంశాన్ని అంకితం పొందిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించినవాడుగా ప్రసిద్ధుడు. కావ్యానికి కృతిపతి అయిన రాజు దారికి కూడా కర్త కావడం యాదృచ్ఛికం కాదు. ఆ కాలపు దృష్టిలో కావ్యమూ, మెట్లూ రెండూ కీర్తిని నిలిపేవే.

ఈ ధార వచనంలోకి వచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలో. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. కడప, అహోబలం, శ్రీశైలం ఈ యాత్ర తొలి భాగంలోనివి. దారిలోని సంగతులను కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు జాబులుగా రాయగా, అవి 1838లో గ్రంథరూపం పొందాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించిన ప్రతి వెలువడింది.

వీరాస్వామయ్య వచనానికి ప్రమాణం దూరం. ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి ఎన్ని ఆమడలు, దారి రాతిదా ఇసుకదా, దిగడానికి స్థలముందా, సామాన్లు దొరుకుతాయా, నీళ్లు మంచివా అన్నవి ఊరూరా ఆయన నమోదు చేసిన అంశాలు. శైలవర్ణన కోరి చదివేవారికి ఇది నిస్సారంగా తోచవచ్చు. కాని ఆ వివరాల వెనుక ఒక నైతిక బాధ్యత ఉంది. తరువాత నడవబోయే మనిషి ఆయన కళ్లెదుట ఉన్నాడు. ప్రవరునికి సిద్ధుడు చెప్పినది తాను చూసినవాటిని. శ్రీనివాసపిళ్లకు వీరాస్వామయ్య చెప్పినది వాటిని ఎలా చూడవచ్చునో కూడా.

అయితే ఈ గ్రంథాన్ని దారికి సంపూర్ణ ప్రతినిధిగా భావించడానికి వీలులేదు. వీరాస్వామయ్య వెంట పెద్ద పరివారం ఉంది, పల్లకీలు ఉన్నాయి, వాటిని మోసిన బోయీలు ఉన్నారు. దారిని రాసినవాడు ఒకడు, దాని బరువు మోసినవాళ్లు వేరొకరు. నల్లమలలో తోవ ఎరిగిన చెంచుల సంగతీ ఇంతే. అడవిలో యాత్రికుల రక్షణ భారం తరతరాలుగా చెంచుల మీద ఉండేది. చెంచులక్ష్మి కథ వారిని అహోబల నరసింహునికి అత్తింటివారిని చేసింది. ఆ కథ యక్షగానమై, నాటకమై, చలనచిత్రమై ప్రచారం పొందింది. అంతటి ఆదరణ పొందిన కథలో చెంచుపిల్ల దేవుని మనసు దోచుకొన్న అందగత్తె. అడవి దారులు తెలిసిన మనిషిగా ఆమె కనిపించేది తక్కువ. దారి ఉన్న రచనల్లో కూడా దారి ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంది.

తిథి చెప్పిన తోవ

దారిని నమోదు చేసే మరొక పద్ధతి పంచాంగంలో ఉంది. శేషాచలం అడవిలోని తుంబురుతీర్థం నిట్టనిలువు బండల నడుమ నీరు పారే ఇరుకు కోన. ఫాల్గుణ పౌర్ణమినాడు ఇక్కడ తీర్థ ముక్కోటి జరుగుతుంది. పాపవినాశనం దాటి అడవిలో నడిచి భక్తులు ఈ కోన చేరుతారు. తరిగొండ వెంగమాంబ కొంతకాలం ఈ కోనలోని గుహలో తపస్సు చేసిందని సంప్రదాయం చెబుతుంది. ఊరిలోని ఒత్తిళ్లు తప్పించుకొని ఒక విధవ, కవయిత్రి, ఒంటరిగా అడవికోనను ఎన్నుకొన్నదన్న ఈ కథలో కోన విహారస్థలం కాదు, ఆశ్రయం. ఆమె గుహ నుంచి ఆలయానికి రహస్యమార్గం ఉండేదని కూడా చెప్పుకొంటారు. చారిత్రకంగా దానికి ఏ విలువ ఇచ్చినా, జనం ఆమెకు ఒక దారిని కల్పించి ఇచ్చారన్నది గమనార్హం. ఆలయంతో సంబంధం తెగకుండా ఒంటరితనం కోరిన స్త్రీకి జనశ్రుతి ఇచ్చిన పరిష్కారం అది.

వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యం వంటి క్షేత్రమాహాత్మ్య గ్రంథాల్లో తీర్థాల మహిమ, స్నానఫలం ప్రధానం. వాటిని స్తుతివాఙ్మయంగా మాత్రమే చదవడం వల్ల వాటి ఆచరణాత్మక పార్శ్వం మరుగున పడింది. తీర్థానికి తిథి నియమించడం కూడా దారి చెప్పడమే. ఏ రోజున వెళ్లాలో తెలిస్తే తోడు దొరుకుతుంది, తోవ తెలిసినవారు ముందుంటారు.

ఈ తిథులను వరుసగా పరిశీలిస్తే ఒక అంశం స్పష్టమవుతుంది. శ్రీశైలానికి జనం నడిచేది మాఘమాసపు శివరాత్రికి, చైత్రమాసపు ఉగాదికి. తుంబురుతీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోని సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి. ఇవన్నీ వానలు వెనుకబడి, వాగులు తగ్గి, కోనల్లో అడుగు పెట్టడానికి వీలయ్యే రోజులు. వాటిలో రెండు వెన్నెల నిండిన పున్నములు. జలపాతం నిండుగా దూకే శ్రావణ భాద్రపదాల్లో ఈ యాత్రల్లో ఒక్కటీ లేదు. తిథి నిర్ణయానికి శాస్త్రకారణాలు వేరుగా ఉండవచ్చు. అయినా శతాబ్దాలుగా జనం నడిచిన కాలం దారి ఇచ్చిన కాలంతో సరిపోవడం ఆలోచించదగినది.

నేటి విహారయాత్రకు కాలం వానాకాలం. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది మీది కుంటాల అయినా, బొగత అయినా, సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే తలకోన అయినా నీరు నిండినప్పుడే జనం ఎక్కువ. బండలు పాకుడు పట్టి, మడుగుల లోతు తెలియని కాలం కూడా అదే. జాతర కాలాన్ని దారి నిర్ణయిస్తే, విహార కాలాన్ని దర్శనం నిర్ణయిస్తున్నది. ప్రవరుని పాదలేపం కరిగిన కథకు, వానాకాలపు జలపాతాల దగ్గర జరిగే ప్రమాదాలకు మధ్య ఉన్న పోలిక కేవలం అలంకారం కాదు.

సలేశ్వరం యాత్ర ఈ విషయంలో ప్రత్యేక పరిశీలనకు తగినది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్న ఆ కోన ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే జనానికి తెరుచుకొంటుంది. రాళ్లదారిలో లోయలోకి దిగితే బండ మీది నుంచి గుండంలోకి దూకే నీరు, పక్కన గుహలో లింగమయ్య. అక్కడి పూజలో చెంచులదే ప్రధాన స్థానం. దారి పొడుగునా యాత్రికులు లింగమయ్యను పిలుస్తూ నడుస్తారు. దిగేటప్పుడు వస్తున్నామని చెప్పుకొంటారు, ఎక్కేటప్పుడు పోయివస్తామని సెలవు తీసుకొంటారు. ఆ కేకల్లో జలపాతం అందం గురించి ఒక్క మాట ఉండదు. ఉన్నదల్లా రాకపోకలే. గ్రంథస్థ సాహిత్యం రెండుగా విడదీసిన శైలాన్ని, ప్రయాణాన్ని ఈ మౌఖిక సంప్రదాయం విడదీయలేదు. పోవడమెంత ముఖ్యమో తిరిగిరావడమూ అంతే ముఖ్యమన్న ఎరుక అందులో ఉంది. ప్రవరునికి లేనిది సరిగ్గా ఆ ఎరుకే.

నడిచే నీరు: కిన్నెరసాని

ఆధునిక కవిత్వంలో ఈ అంశానికి పూర్తిగా కొత్త మలుపు విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసాని పాటలు. అత్తతో పొసగక, భర్త మీద అలిగి అడవికి వెళ్లిన కిన్నెర వాగై పారుతుంది. ఆమెను విడువలేక భర్త రాయై నిలుస్తాడు. భద్రాచలం ప్రాంతంలో గోదావరిలో కలిసే కిన్నెరసాని నదికి కవి కల్పించిన కథ ఇది. ఇందులో ఒక ఖండిక పేరు కిన్నెర నడకలు.

నడకలన్న ఈ పేరు ప్రస్తుత చర్చకు కీలకం. ప్రబంధంలో నీరు దృశ్యం. యాత్రాచరిత్రలో నీరు మజిలీ వసతి. మాహాత్మ్యంలో నీరు తీర్థం. కిన్నెరసాని పాటల్లో నడిచేది నీరే. కదలలేక నిలిచిపోయినది మనిషి. చూసేవాడు, చూడబడేది అన్న సంబంధం ఇక్కడ తలకిందులైంది. రాయిని తాకి, ఒరిసి, వెనుదిరిగి చూసి, దిక్కు తోచక పరుగెత్తే నీటిలో తొలిసారి అడవిలో అడుగుపెట్టిన ఆడపిల్ల తడబాటు కనిపిస్తుంది. మాత్రాఛందస్సులోని పొట్టి పాదాలు, తిరిగి తిరిగి వచ్చే మాటలు ఆ తడబాటుకు అనుగుణంగా సాగుతాయి. పెద్దన సమాసం జలపాతపు మోతను పట్టుకొంటే, విశ్వనాథ గేయం వాగు వెతుక్కొనే దోవను పట్టుకొంది.

కిన్నెరసాని పాటలను భావకవిత్వపు ప్రకృతి ఆరాధనగానో, సంప్రదాయ దాంపత్యధర్మ చిత్రణగానో వ్యాఖ్యానించడం జరిగింది. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఇంటి నుంచి వెళ్లిపోయిన స్త్రీకి దారి ఎక్కడన్న ప్రశ్న కూడా ఆ గేయంలో ఉంది. కిన్నెర తిరిగి ఇంటికి రాలేదు. తనను కోరిన సముద్రుని బారి నుంచి తప్పించుకోవడానికి గోదావరిని ఆశ్రయించింది. తుంబురుకోనను ఆశ్రయించిన వెంగమాంబ కథ పక్కన ఉంచి చదివితే, తెలుగు ఊహలో కోనలు, వాగులు స్త్రీకి విహారం కంటె ముందు శరణంగా కనిపిస్తున్నాయి. పాల్వంచ దగ్గర జలాశయమై నిలిచిన నేటి కిన్నెరసానిని చూడవచ్చే పాఠకునికి, కదలని నీటి ముందు నిలబడి నడకల గేయాన్ని తలచుకోవలసిన స్థితి ఏర్పడింది.

నేటి యాత్రాకథనం

తెలుగులో ఇప్పుడు యాత్రారచనలు విరివిగా వస్తున్నాయి. కోనలు, జలపాతాల మీద రాసే వ్యాసాల్లో మాత్రం ఒక మూస స్థిరపడింది. నగరం నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఎత్తెంత, ఎప్పుడు అందంగా ఉంటుంది అన్న సమాచారంతో మొదలై, పాలనురగ, ముత్యాల ధార వంటి అరిగిన ఉపమానాలతో అవి ముగుస్తాయి. బండి ఆగిన చోటు నుంచి నీటి ముందు నిలబడే చోటు వరకు నడిచిన గంట, రెండు గంటల కాలం రచనలో కనిపించదు. ముందు నడిచి తోవ చూపిన గిరిజనుడు ఉంటే ‘గైడు’ అన్న ఒక్క మాటతో సరి. ఆధునిక వాహనం పాదలేపం చేసిన పనే చేస్తున్నది. పెద్దన చేసిన రెండవ పని, లేపం కరిగినప్పటి దిగులును రచనలో నిలపడం, ఈ రచనలు చేయడం లేదు. ప్రబంధపు వర్ణనాలోలత మిగిలింది. ప్రబంధపు వివేకం మిగలలేదు.

దీనికి భిన్నమైన ప్రయత్నాలు లేకపోలేదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల ఆచార్యుడుగా పనిచేసిన ఎం. ఆదినారాయణ భ్రమణకాంక్ష కాలినడక యాత్రల గ్రంథం. అందులో నడక గమ్యాన్ని చేరే సాధనం కాదు. అదే రచనా వస్తువు. నడిచేవానికి అన్నం పెట్టినవాళ్లు, తోవ చెప్పినవాళ్లు, అనుమానించినవాళ్లు రచనలోకి వచ్చేది నడకవేగం వల్లనే. సోమనాథునికి కొండకు నడిచే జనం ముఖ్యమైతే, ఆదినారాయణకు దారిలో ఎదురయ్యే జనం ముఖ్యం. ఈ కోవను పర్వత ప్రకరణం నుంచి వచ్చిన ధారగా గుర్తించవచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. ప్రతి రచనా మజిలీల పట్టిక కానక్కరలేదని, జలపాతం ముందు నిలబడిన క్షణపు విస్మయాన్ని చెప్పడమే కవి పని అని అనవచ్చు. ఈ ఆక్షేపణలో బలముంది. దారిని కోరడమంటే వివరాల పోగును కోరడం కాదు. సలేశ్వరం యాత్రికుని కేకలో వివరమే లేదు. అయినా దారి మొత్తం ఉంది. కావలసినది వివరాల సంఖ్య కాదు. చూసిన చోటికి తాను ఎవరి వల్ల, ఏ అనుమతితో చేరాడన్న ఎరుక. ఆ ఎరుక ఉంటే ఒక్క వాక్యమైనా చాలు. అది లేనప్పుడు పదిపుటల వర్ణన కూడా ఛాయాచిత్రానికి వ్యాఖ్యగా మిగులుతుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి. శైలాన్ని, ప్రయాణాన్ని వేరు చేసిన కావ్యలక్షణం తెలుగు ప్రకృతి వర్ణన మీద బలమైన ముద్ర వేసింది. మనుచరిత్ర ఆ లక్షణానికి పరాకాష్ఠ అవుతూనే దాని కొరతను కథాపరంగా బయటపెట్టింది. పర్వత ప్రకరణం, కాశీయాత్ర చరిత్ర దారిని సాహిత్యవస్తువు చేశాయి. అయితే ఆ దారిని మోసినవారిని, కాచినవారిని పూర్తిగా పలికించలేకపోయాయి. తీర్థతిథులు, జాతరలు దారికి సంబంధించిన జ్ఞానాన్ని గ్రంథాలకంటె భద్రంగా కాపాడాయి. కిన్నెరసాని పాటలు నడకను నీటికే ఇచ్చి ఈ చర్చకు కొత్త కోణం చూపాయి.

యాత్రాసాహిత్య విమర్శ ఇకముందు వర్ణనల సొంపును, సమాచార విలువను తూచడంతో ఆగరాదు. రచనలో తిరుగుదారి ఉన్నదా, తోవ చూపినవారికి పేరైనా, మాటైనా దక్కిందా అని కూడా అడగవలసి ఉంది. కాలిబాటలు తారురోడ్లుగా మారుతున్నాయి. కొన్ని జలాశయాల కింద మునిగాయి. మరికొన్ని అభయారణ్యాల గేట్ల వెనుక ఉండిపోయాయి. వాటిని ఎరిగిన చెంచులు, కొండరెడ్లు, గోండులు తమ పెంటలు, గూడేలు విడవవలసిన ఒత్తిడిలో ఉన్నారు. దృశ్యం ఛాయాచిత్రాల్లో మిగులుతుంది. దారి మాత్రం నడిచినవారి మాటల్లోనే మిగలాలి. సలేశ్వరం తోవలోని కేకలను, భీమునికొలను మెట్ల మీది పాటలను, చెంచుపెద్దలు చెప్పే స్థలనామాల కథలను సేకరించి గ్రంథస్థం చేసే పనిని తెలుగు శాఖలు చేపట్టడం తక్షణావసరం. పర్వత పదాల పేరును సోమనాథుడు మనకు మిగిల్చాడు. ఆ పదాల పాఠం చేజారింది. నేటి దారులకు కేవలం పేర్లు మిగిలే పరిస్థితి రాకూడదు.